హైడ్ పార్కులో విజయనగరం చలివేంద్రం

లండన్ హైడ్ పార్కులో, మార్బుల్ ఆర్చ్‌కి దగ్గరలో, చిన్న గుర్తురాయి ఒకటుంది. దాని మీద విజయనగరం మహారాజు పేరుంటుంది. ‘మొదటిసారి ఐరోపా వెళ్తున్నాం, వారమే సెలవు, రెండు రాజధానులు చూసి రావాలి, ఎక్కడ మొదలెట్టమంటారు?’ అని మా సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం వాళ్లు ఎవరడిగినా నేను ముందు ఈ రాయి సంగతే చెబుతాను.

విజయనగరం మహారాజా విజయరామ గజపతిరాజు ఇచ్చిన డబ్బుతో 1867లో అక్కడ తాగునీటి ఫౌంటెన్ కట్టారు. మన మాటల్లో చెప్పాలంటే చలివేంద్రం. ఎండాకాలం తాటాకు పందిరి కింద కుండలు పెట్టి, దారిన పోయేవాళ్ల దోసిట్లో నీళ్లు పోస్తాం చూడండి, ఆ పుణ్యమే అక్కడ రాతిలో, గోథిక్ శైలిలో లేచింది. అప్పటి లండన్‌కి ఆ నీళ్లు నిజంగా అవసరం. 1854లో సోహో పేటలో కలరా కొన్ని వారాల్లోనే వందల మందిని పొట్టన పెట్టుకుంది. డాక్టర్ జాన్ స్నో చావుల లెక్క వీధి వీధికీ రాసుకుని, బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లే కారణమని చూపించాడు. ఆ తర్వాత ఐదేళ్లకి, 1859లో, జనానికి శుభ్రమైన నీళ్లు ఉచితంగా ఇవ్వడానికి లండన్‌లో ఒక సంఘం పుట్టింది. అలా మొదలైన నీళ్ల దానంలో మన రాజుగారూ చెయ్యి కలిపారు. 1857లో విజయనగరంలో బడి పెట్టినదీ ఆయనే. ఆ బడే తర్వాత ఎం.ఆర్. కాలేజీ అయింది. ఫౌంటెన్‌ని 1964లో తీసేశారు. దాని చోటు చెప్పడానికి రాయి మిగిలింది. చూడటానికి టికెట్టు లేదు, వరస లేదు. పరాయి దేశంలో మొదటి రోజు పొద్దున్నే మన ఊరి పేరు కనబడితే కలిగే ధైర్యం వేరు.

ఇక ప్రయాణం ఏర్పాట్లు. రెండు రాజధానులంటే ఎన్ని వీసాలు? ఎంచుకున్న ఊళ్లను బట్టి ఉంటుంది. షెంగెన్ ఒప్పందంలో 29 దేశాలున్నాయి. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, వియన్నా, రోమ్ లాంటివన్నీ ఆ గొడుగు కిందివే కాబట్టి ఒక్క వీసా చాలు. లండన్ ఆ గొడుగులో లేదు. లండన్, పారిస్ రెండూ కావాలంటే రెండు వీసాలు, రెండు ఫీజులు. చేతిలో డబ్బు తక్కువున్న కుటుంబానికి ఈ ఒక్క లెక్కే ఊళ్లను తేల్చేస్తుంది. షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి 45. ఆరేళ్ల లోపు పిల్లలకి ఫీజు లేదు. వైద్య ఖర్చులకి కనీసం 30,000 యూరోల బీమా చూపించాలి. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ప్రయాణం పదిహేను రోజుల్లోకి వచ్చాక పెడితే తీసుకోరు.

ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలన్నది మరో చిక్కు. ఎక్కువ రోజులు ఎక్కడుంటారో ఆ దేశానికే పెట్టాలి. రెండు చోట్లా సమానమైతే ముందు అడుగు పెట్టే దేశానికి. ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. వీసా మీద ఒక్క ప్రవేశమే రాసి ఉంటే, పారిస్‌లో దిగి, లండన్ చూసి, మళ్లీ పారిస్ వచ్చి విమానం ఎక్కుదామంటే కుదరదు. ఒకసారి బయటికొస్తే ఆ వీసా అయిపోయినట్టే. అందుకే లండన్‌లో దిగి పారిస్‌లో తిరుగు విమానం ఎక్కేలా టికెట్టు తీసుకోవడం మేలు. వచ్చిన దారినే వెనక్కి వెళ్లే రోజు కూడా మిగులుతుంది.

లండన్ చూడాలి, వీసా మాత్రం ఒక్కటే ఉండాలి అనుకునేవాళ్లకీ దారి ఉంది. డబ్లిన్! బ్రిటన్, ఐర్లండ్ కలిసి భారతీయుల కోసం పెట్టుకున్న ఏర్పాటు ప్రకారం, ఆ ముద్ర పడిన ఒకే వీసాతో రెండు దేశాలూ తిరగొచ్చు. వీసా ఇచ్చిన దేశంలో ముందు దిగాలి, అంతే.

రాజధానికీ రాజధానికీ మధ్య దూరం ఎంతుంటుందనుకుంటున్నారు? వియన్నా నుంచి బ్రాటిస్లావా దాదాపు మా శ్రీకాకుళం నుంచి విజయనగరమంత. రైల్లో గంట. పొద్దున ఆస్ట్రియాలో కాఫీ తాగి, మధ్యాహ్నం స్లొవేకియాలో భోంచేసి, రాత్రికి మళ్లీ వియన్నాలో పడుకోవచ్చు. హెల్సింకీ నుంచి తాలిన్‌కి సముద్రం మీద ఓడలో రెండు గంటలు.

పాస్‌పోర్ట్ దగ్గర మనవాళ్లకి వచ్చే చిక్కల్లా ఇంటిపేరే. మనం ఇంటిపేరు ముందు రాసి, అదీ ఒక్క అక్షరానికి కుదించి, అసలు పేరు తర్వాత రాస్తాం. పాస్‌పోర్ట్ ఫారంలో పొట్టి అక్షరాలు చెల్లవు, ఇంటిపేరు విప్పి పూర్తిగా రాయాలి. ఆ తర్వాత విమానం టికెట్టు మీద, బీమా కాగితం మీద, హోటల్ బుకింగ్ మీద అక్షరం పొల్లుపోకుండా అదే పేరు ఉండాలి. మా ప్రాంతానికి పాస్‌పోర్ట్ వ్యవహారం చూసే ప్రాంతీయ కార్యాలయం విశాఖ మర్రిపాలెంలో ఉంది. పదో తరగతి పాసు కాని వాళ్ల పాస్‌పోర్ట్ మీద పడే ఈసీఆర్ ముద్ర చూసి కొందరు అమ్మలు, నాన్నలు ‘మేం ఇక విదేశాలు వెళ్లలేమేమో’ అని దిగులు పడతారు. ఆ దిగులు అక్కర్లేదు. అది గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకి పనికి వెళ్లేవాళ్ల రక్షణ కోసం పెట్టిన నిబంధన. లండన్, పారిస్ చూడటానికి వెళ్లేవాళ్లకి అది అడ్డు కాదు.

సామాను సంగతి. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్ విజయనగరం రాజకుటుంబానికి చెందిన విజ్జీ. ఆయన వెంట 36 సామాన్లు, ఇద్దరు నౌకర్లు వెళ్లారని క్రికెట్ చరిత్రకారులు రాశారు. ఆ పర్యటనలోనే ఆయనకి సర్ బిరుదు వచ్చింది. మనకి విమానంలో మామూలు టికెట్టు మీద తలకి 23 కిలోలు దొరికితే గొప్ప. అందులో ఏం పెట్టాలి? ఆవకాయ పెట్టుకోవచ్చు, కానీ పెద్ద పెట్టెలోనే. నూనె ఊరే సీసా చేతిసంచిలో ఉంటే తనిఖీలో తీసేస్తారు. పాలకోవా, నెయ్యి, మాంసం పచ్చడి ఐరోపా సమాఖ్య దేశాల్లోకి రానివ్వరు. తాజా పళ్లకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. ఐదు పళ్లకి మాత్రం ఆ పత్రం అక్కర్లేదు. అనాస, అరటి, ఖర్జూరం, దురియన్, ఐదోది కొబ్బరికాయ! కొబ్బరితోటల ఉద్దానం వాళ్లు ఈ మాట వింటే సంతోషిస్తారు. అయితే ఎండుకొబ్బరి వేరు. నూనె ఎక్కువ, నిప్పు తొందరగా అంటుకుంటుంది కాబట్టి మన విమానాశ్రయాల్లోనే ఆపేస్తారు. నన్నడిగితే ఈ బాధలేవీ లేని బహుమతి పలాస జీడిపప్పు.

బట్టల్లో ఒక పొందూరు ఖద్దరు కండువా ఉండనివ్వండి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. వరసగా ఉన్న ఆ సన్నటి పళ్ల మధ్య నుంచి దూది లాగుతుంటే నలక, పొట్టు వెనకే ఉండిపోయి, పోగులు పట్టులా తేరుతాయి. కండువా చూపించి ఈ సంగతి చెప్పాలే గానీ, ఏ దేశం వాళ్లైనా చెవి ఒగ్గి వింటారు.

గడియారం సంగతికొస్తే, మన దేశపు గంటలు లెక్కపెట్టే 82.5 డిగ్రీల రేఖ కాకినాడకి దగ్గరగా పోతుంది. లండన్ మనకంటే చలికాలంలో ఐదున్నర గంటలు వెనక, వేసవిలో నాలుగున్నర. పారిస్ లండన్ కంటే ఎప్పుడూ గంట ముందు. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో వాళ్లు గడియారం ముల్లు మారుస్తారు, ఆ రోజుల్లో రైలో విమానమో ఉంటే జాగ్రత్త. జూన్ చివర్లో పారిస్‌లో పొద్దు గుంకేసరికి రాత్రి పది. డిసెంబరులో లండన్‌లో నాలుగు కాకముందే చీకటి. ఉన్నవి నాలుగు రోజులైతే ఈ వెలుతురే అసలు సొత్తు. మే, జూన్‌లలో వెళ్తే ఒక్కో రోజుకీ సగం రోజు కలిసొస్తుంది.

మన ఫోను చార్జరు సన్నటి రెండు గుండ్రటి కాళ్లది పారిస్ ప్లగ్గులో ఇట్టే దిగుతుంది. లండన్‌లో దిగదు, అక్కడివి మూడు దీర్ఘచతురస్రపు కాళ్లు.

సిక్కోలు వాళ్లకి రైల్వే స్టేషన్ ఊళ్లో లేకపోవడం కొత్త కాదు. శ్రీకాకుళం రోడ్ అని బోర్డున్న స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. పారిస్ పేరు చెప్పి చవగ్గా అమ్మే కొన్ని విమానాలూ అంతే, బోవే అనే ఊళ్లో దించుతాయి. అది పారిస్‌కి 85 కిలోమీటర్లు! టికెట్టు మీద మిగిలింది బస్సుకీ, పోయిన పూటకీ సరి. లండన్ నుంచి పారిస్‌కి రైలే హాయి. సెయింట్ పాంక్రాస్‌లో ఎక్కితే సుమారు రెండుంబావు గంటల్లో గార్ దు నోర్‌లో దిగుతాం. ఆమదాలవలస నుంచి బెజవాడ ఎంతో దాదాపు అంతే దూరం. మధ్యలో 50 కిలోమీటర్ల సొరంగం, అందులో 38 సముద్రం అడుగున. 1994 మే 6న ప్రారంభించారు. పిల్లలకి ముందే చెప్పి ఉంచండి, కిటికీలోంచి చేపలు కనబడవు, సముద్రపు నేల కిందగా తవ్విన చీకటి గొట్టమది. రెండు దేశాల పాస్‌పోర్ట్ తనిఖీలూ లండన్ స్టేషన్‌లోనే అయిపోతాయి కాబట్టి రైలు వేళకి బాగా ముందే చేరుకోవాలి.

పారిస్‌కీ మనకీ ముడి బొబ్బిలి. 1757 జనవరి 24న బొబ్బిలి కోటని ఫిరంగులతో కూల్చిన సేన ఫ్రెంచి వాళ్లది, నడిపినవాడు బుస్సీ. విజయనగరం రాజు పెద విజయరామరాజు ఆయన పక్షం. ఆ పగతోనే తాండ్ర పాపారాయుడు రాజు గుడారంలోకి చొరబడి పొడిచాడు. పారిస్‌లో సాన్ జెర్మాన్ పేటలో ‘బ్యుసీ’ వీధి అని ఒకటుంది. ఆ బోర్డు చూసి మన బుస్సీ పేరే అనుకునేరు. అది 14వ శతాబ్దపు న్యాయాధికారి సిమోన్ ద బ్యుసీ పేరు.

మంగళవారం పారిస్‌లో ఉండేలా మీ లెక్క తేలితే ఒక్కసారి సరిచూసుకోండి. ఆ రోజు లూవ్ర్ మూసేస్తారు. పైగా 2026 జనవరి నుంచి మన లాంటి ఐరోపా బయటి వాళ్లకి అక్కడ టికెట్టు 32 యూరోలు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో మామూలు గదులన్నీ ఉచితం. శాలిహుండం కొండెక్కి బౌద్ధ స్తూపాలను, వంశధారను చూసినవాళ్లు అక్కడ 33ఎ గదిని వదలొద్దు. 1859లో మద్రాసు నుంచి ఓడెక్కిన అమరావతి స్తూపం రాళ్లు అందులోనే ఉన్నాయి. తామరపూలు, ఏనుగులు, చేతులు జోడించిన మనుషులు, అంతా మన సున్నపురాయి మీద మన శిల్పులు చెక్కినవి. అన్ని వందల ఏళ్ల కిందటి చెవిపోగుల వంకరలు కూడా చెక్కు చెదరలేదు. వాటి ముందు నిలబడితే గర్వమూ బాధా కలిసే వస్తాయి.

తిండికి భయపడొద్దు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు లండన్‌లో ఐదో జార్జి రాజు ఎదుట బలం చూపి మెప్పు పొందారనీ, ఆయన శుద్ధ శాకాహారి అనీ మా వైపు తరతరాలుగా చెప్పుకుంటారు. ఇప్పుడు శాకాహారులకి అక్కడ ఇబ్బందే లేదు. సెయింట్ పాంక్రాస్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో డ్రమండ్ వీధిలో మన శాకాహార భోజనశాలలున్నాయి. పారిస్‌లో గార్ దు నోర్ బయటికొచ్చి లా షాపెల్ వైపు నడిస్తే తమిళుల కొట్లు, ఇడ్లీ, దోసె.

మళ్లీ నీళ్ల దగ్గరికొస్తాను. మార్బుల్ ఆర్చ్ నుంచి కాస్త నడిస్తే వాలెస్ కలెక్షన్ అనే ఉచిత మ్యూజియం ఉంది. ఆ రిచర్డ్ వాలెస్ ఆంగ్లేయుడు, పారిస్‌లో కాపురమున్నాడు. 1870 యుద్ధపు ముట్టడి తర్వాత ఆ ఊళ్లో పేదలకి మంచినీళ్లు కరువైతే, 1872 నుంచి సొంత డబ్బుతో వీధి వీధికీ ఫౌంటెన్లు పెట్టించాడు. ముదురాకుపచ్చ పోత ఇనుము, పైకప్పును మోస్తూ నలుగురు స్త్రీ మూర్తులు, వాళ్ల మధ్య నుంచి సన్నగా జారే నీటి ధార. విజయనగరం రాజు లండన్‌కి ఇచ్చినది పోయింది, లండన్ మనిషి పారిస్‌కి ఇచ్చినవి ఇంకా పారుతున్నాయి. ఖాళీ సీసా ఒకటి వెంట ఉంచుకోండి. చలికి గొట్టాలు గడ్డకట్టకుండా వాటిని శీతకాలంలో కట్టేస్తారు. మార్చి నడిమి నుంచి నవంబరు నడిమి దాకా వెళ్తే ఆ ధార కింద దోసిలి పట్టొచ్చు.