సుత్తికి లొంగే 'లొంగనిది'

వజ్రాన్ని సమ్మెటతో కొట్టినా పగలదన్న నమ్మకం మనలో బలంగానే ఉంది. సూరత్ నుంచి హజీరా వెళ్లే దారిలో, రత్నాభరణాల పార్కు వెలసిన ఇచ్ఛాపూర్ లాంటి చోట ఆ నమ్మకంతో పని చేస్తే మాత్రం పూట గడవదు. అపోహ మూలం చాలావరకు పేరులోనే ఉంది. ఇటాలియన్‌లో వజ్రం 'దియమాంతే'. ప్రేమికుడు అనే అర్థమున్న 'అమాంతే' దాంట్లో వినిపిస్తుంది కనుక ఇది ప్రేమరాయి అనడం ఉంగరాల వ్యాపారానికి పనికొచ్చే కథ, అంతే. లాటిన్ 'అదమాస్' వాడుకలో 'దియమాస్'గా మారి, దాన్నుంచి దియమాంతే పుట్టింది. అదమాస్ గ్రీకు నుంచి వచ్చిన మాట. లొంగనిది అని అర్థం. గ్రీకు కవి హేసియడ్ కావ్యంలో అది రాయి కూడా కాదు, క్రోనస్ దేవుడి చేతి కొడవలికి వాడిన కఠిన పదార్థం. ఆ బిరుదు తర్వాత వజ్రానికి దక్కింది. క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ఏకంగా, దాగలి మీద పెట్టి కొడితే సుత్తీ దాగలీ పగులుతాయనీ, మేకరక్తంలో నానబెడితేనే వజ్రం లొంగుతుందనీ రాశాడు. మన 'వజ్రం' కూడా ఇంద్రుడి ఆయుధం పేరే కాబట్టి, మనకూ ఇందులో వింత కనిపించలేదు.

మోస్ కొలబద్దపై వజ్రానిది 10, అన్నిటికన్నా పైమెట్టు కదా అంటారు. నిజమే. కానీ ఆ కొలత ఏది దేన్ని గీయగలదో చెబుతుంది, దెబ్బకు తట్టుకుంటుందో లేదో చెప్పదు. స్ఫటికంలో కార్బన్ పరమాణువుల అమరిక వల్ల నాలుగు దిశల్లో వజ్రం తేలిగ్గా చీలుతుంది. 1563లో గోవాలో అచ్చయిన గ్రంథంలో పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా, చిన్న సుత్తితోనే వజ్రం పగులుతుందని తేల్చాడు. మింగితే విషమన్న మాటనూ కొట్టిపారేశాడు. 17వ శతాబ్దంలో సూరత్‌లో దిగి గోల్కొండ రాజ్యపు గనుల దాకా వెళ్లిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, గనుల్లో ఇనుప గడ్డపారల దెబ్బలకు రాళ్లలో పగుళ్లు పడుతున్నాయని గమనించాడు. ఆ రోజుల్లోనే గనివాళ్లకు తెలిసిన సంగతిని పండితులు పుస్తకాల్లోని ప్లినీ కోసం పక్కనపెట్టారన్నమాట.

మరి దెబ్బకు పగిలినా, దేనికీ గీత పడనంత గట్టి రాయిని సాన ఎలా పడతారు? వజ్రపు పొడితోనే. వజ్రం అన్ని దిశల్లో ఒకేలా గట్టిగా ఉండదు. పొడిలోని రేణువులు ఎటంటే అటు తిరిగి ఉంటాయి కాబట్టి, వాటిలో కొన్ని ఎప్పుడూ ఎదుటి రాయి మెత్తని దిశను అరగదీస్తూనే ఉంటాయి. ముడిరాయిని కోయడానికి ఇప్పుడు లేజర్లు వచ్చినా, మెరుగు పెట్టేటప్పుడు అరిగే దిశ వెతుక్కోవడం తప్పదు.