కార్డుకు ఆయుష్షు పోసేది డ్రైవరే

2014 ఫిబ్రవరి 18న ఎన్విడియా కంపెనీ జీటీఎక్స్ 750 టీఐ అనే గ్రాఫిక్స్ కార్డును విడుదల చేసింది. ధర 149 డాలర్లు. అప్పటి మేటి కార్డులు 250 వాట్ల కరెంటు లాగుతుంటే, ఇది 60 వాట్లతో సరిపెట్టుకునేది. వేగంలో వాటికి ఆమడ దూరం. అయినా పాత డెస్క్‌టాప్‌లున్న వాళ్లు దీన్ని వెతుక్కుని మరీ కొన్నారు. కారణం ఆ 60 వాట్లే.

ఆఫీసుల కోసం పెద్ద కంపెనీలు అమ్మే డెస్క్‌టాప్‌లలో కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్ సామర్థ్యం చాలావరకు 240 నుంచి 300 వాట్లు. గ్రాఫిక్స్ కార్డుకు విడిగా కరెంటు ఇచ్చే ఆరు పిన్నుల వైరు వాటిలో తరచుగా ఉండదు. అందువల్ల కార్డు తనకు కావలసిందంతా మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు నుంచే తీసుకోవాలి. ఆ స్లాటు ఇవ్వగలిగేది మహా అయితే 75 వాట్లు. 60 వాట్ల కార్డు ఆ హద్దు లోపలే ఇమిడిపోయింది. పాత స్లాటులో కొత్త తరం కార్డు పెట్టినా పని చేసేలా పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ను రూపొందించడం మరో కలిసొచ్చిన సంగతి. దాంతో ఆఫీసులు వదిలించుకున్న కంప్యూటర్‌కు ఎస్ఎస్‌డీ, మరికాస్త ర్యామ్, ఈ కార్డు తగిలిస్తే వీడియో ఎడిటింగ్‌కూ ఓ మోస్తరు గేములకూ పనికొచ్చే యంత్రం తయారయ్యేది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత సిస్టమ్ బేరమాడిన ఎవరికైనా ఈ లెక్క కొత్తేమీ కాదు.

ఈ పొదుపు రహస్యం కార్డు మధ్యలోని చిప్పులో ఉంది. చిప్పు పేరు జీఎం107. వైశాల్యం 148 చదరపు మిల్లీమీటర్లు, ట్రాన్సిస్టర్లు 187 కోట్లు. విద్యుదయస్కాంత సూత్రాలను ఒక్కచోటికి తెచ్చిన శాస్త్రవేత్త మ్యాక్స్‌వెల్ పేరు పెట్టుకున్న తరంలో ఇదే మొదటిది. అంతకు ముందు తరం కెప్లర్‌లోని చిన్న చిప్పులో క్యాష్ మెమరీ 256 కిలోబైట్లు. ఇందులో దాన్ని ఏకంగా 2 మెగాబైట్లు చేశారు. చిప్పు దాటి బయటి మెమరీ దాకా వెళ్లి రావడం బాగా కరెంటు తినే పని. కావలసిన సమాచారం లోపలే దొరికితే ఆ ప్రయాణాలు తగ్గుతాయి, వేడీ తగ్గుతుంది. పాత 28 నానోమీటర్ల పద్ధతిలోనే తయారు చేసినా ఇంత పొదుపు సాధ్యమైంది.

కార్డు ఎంత మంచిదైనా డ్రైవర్ లేనిదే దాని సత్తా బయటపడదు. మొదట్లో ఈ అవసరం లేదు. 1981 నాటి ఐబీఎం పీసీకి పెట్టుకునే సీజీఏ కలర్ కార్డులో మెమరీ 16 కిలోబైట్లు. ప్రోగ్రామ్ నేరుగా ఆ మెమరీలో అంకెలు రాస్తే తెర మీద చుక్కలు వెలిగేవి. 1987లో వచ్చిన వీజీఏను మిగతా కంపెనీలు అచ్చుగుద్దినట్టు అనుకరించాయి కాబట్టి ఒకదానికి రాసిన ప్రోగ్రామ్ అన్నిటి మీదా నడిచింది. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ వారి వూడూ, 1999లో ఎన్విడియా జీఫోర్స్ 256 వచ్చేసరికి ఆ ఏకరూపత చెదిరిపోయింది. ఏ చిప్పు భాష దానిదే. పైగా తరం మారినప్పుడల్లా ఆ భాషా మారుతుంది. గేము అడిగినదాన్ని అప్పటికప్పుడు చిప్పు భాషలోకి మార్చే దుబాసి డ్రైవర్. ఇప్పటి డ్రైవర్లు వందల మెగాబైట్లు ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్‌లో తప్పులు దొర్లకుండా ఉండవు. 1996లో విండోస్ ఎన్‌టీ 4.0 వచ్చినప్పుడు వేగం కోసం గ్రాఫిక్స్ డ్రైవర్లను సిస్టమ్ గర్భగుడి లాంటి కెర్నెల్‌లోకి తెచ్చారు. అక్కడ ఒక్క తప్పు జరిగినా మొత్తం కంప్యూటర్ నీలిరంగు తెరతో ఆగిపోతుంది. ఆ తర్వాత విండోస్ విస్టాలో డ్రైవర్‌ను రెండు ముక్కలు చేసి పెద్ద ముక్కను కెర్నెల్ బయట పెట్టారు. కార్డు 2 సెకన్లలోపు జవాబివ్వకపోతే విండోస్ ఊరుకోకుండా డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెట్టే ఏర్పాటూ అప్పుడే వచ్చింది. కొత్త పద్ధతికి తగ్గట్టు డ్రైవర్లు తిరగరాయడానికి మొదట్లో కంపెనీలు ఆపసోపాలు పడ్డాయి. తర్వాత ఒక కోర్టు కేసులో బయటపడ్డ మైక్రోసాఫ్ట్ పత్రాల ప్రకారం 2007లో నమోదైన విస్టా క్రాష్‌లలో 28.8 శాతం ఎన్విడియా డ్రైవర్ల ఖాతాలోవే.

ఈ 2 సెకన్ల ఏర్పాటును పాత కంప్యూటర్ వాడేవాళ్లు కళ్లారా చూస్తూనే ఉంటారు. తెర ఒక్కసారి నల్లబడి, మళ్లీ వెలుగుతుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే 4101 నంబరుతో, డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మాని తిరిగి కోలుకుందన్న సందేశం కనిపిస్తుంది. తెర స్తంభించి ఉండిపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి కీలు నాలుగూ కలిపి నొక్కి డ్రైవర్‌ను మనమే మళ్లీ లేపవచ్చు. తరచూ ఇదే జరుగుతుంటే తప్పు డ్రైవర్‌దా, కార్డుదా అన్నది ముందు తేల్చుకోవాలి. అందుకు తేలికైన పరీక్ష ఒకటుంది. కంప్యూటర్ ఆన్ చేసి బయాస్ సెట్టింగుల తెర తెరవాలి. కంపెనీ డ్రైవర్ అప్పటికింకా రంగంలోకి దిగదు. అక్కడ కూడా గీతలు, పిచ్చి రంగుల చుక్కలు కనబడితే తప్పు డ్రైవర్‌ది కాదు. కార్డు, కేబుల్, స్లాటులో దుమ్ము, ఎస్ఎంపీఎస్... వీటిని అనుమానించాలి. బయాస్‌లో శుభ్రంగా ఉండి విండోస్‌లోకి వెళ్లాకే గొడవ మొదలైతే డ్రైవర్ వైపు చూడాలి.

అప్పుడు కొత్త డ్రైవర్‌ను పాతదాని మీద వేస్తూ పోవడం కన్నా, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాతదాన్ని మొదలంటా తుడిచేయడం మేలు. ఆ సమయంలో ఇంటర్నెట్ తీసేయాలి. లేకపోతే మనం వేసేలోపే విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన డ్రైవర్‌ను దింపేస్తుంది. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరుకు బదులు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనిపిస్తే తుడవడం పూర్తయినట్టు.

డ్రైవర్ ఇంకో పని కూడా చేస్తుంది: దొంగను పట్టిస్తుంది. 2010 నాటి జీటీఎస్ 450 లాంటి పాత ఫెర్మీ తరం కార్డుల్లోని బయాస్ మార్చి, 750 టీఐ అనో 1050 టీఐ అనో పేరు పెట్టి అమ్మే మోసం ఆన్‌లైన్ అంగళ్లలో బాగా నడిచింది. డివైస్ మేనేజర్ కూడా ఆ దొంగపేరే చూపిస్తుంది. తీరా కంపెనీ వెబ్‌సైట్ నుంచి అసలు డ్రైవర్ వేయగానే గుట్టు రట్టవుతుంది. లోపలున్నది వేరే తరం చిప్పు కాబట్టి డ్రైవర్ దానితో మాట్లాడలేదు. జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ అయితే ఇలాంటి కార్డు పేరు పక్కన ఫేక్ అని రాసి మరీ చూపిస్తుంది.

అసలైన 750 టీఐకి గండం మరో రూపంలో వచ్చింది. మ్యాక్స్‌వెల్, పాస్కల్ తరాలకు కొత్త గేములకు తగ్గట్టు చేసే డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆఖరని, ఆ తర్వాత 2028 అక్టోబరు దాకా మూడు నెలలకోసారి భద్రతా సవరణలు మాత్రమే ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. అదే 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 గ్రాఫిక్స్ విషయంలో అడిగే అర్హతలు ఈ కార్డుకు ఉన్నాయి. అది కూర్చున్న కంప్యూటర్‌కే లేవు. ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరం నుంచి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతో ఉండాలన్నది నిబంధన. కార్డులో ఏ భాగమూ చెడలేదు, కంప్యూటరూ నడుస్తూనే ఉంది. అయినా ఒకే నెలలో రెండు దారులు మూసుకుపోయాయి.

లైనక్స్‌లో ఇంకో తలుపు తెరిచే ఉంది. చిప్పు గుట్టు తెలియకపోయినా దాని ప్రవర్తన గమనించి గమనించి ఔత్సాహికులు రాసుకున్న నూవో డ్రైవర్ ఈ కార్డును నడుపుతుంది, చేత్తో వేగం పెంచుకోనిస్తుంది కూడా. 2014లోనే ఈ కార్డు తర్వాత వచ్చిన రెండో విడత మ్యాక్స్‌వెల్ కార్డులకు ఆ అదృష్టం లేదు. వాటి చిప్పులు ఎన్విడియా సంతకం ఉన్న ఫర్మ్‌వేర్‌ను తప్ప మరోదాన్ని ఒప్పుకోవు. అందుకే కంపెనీ డ్రైవర్ లేనప్పుడు వయసులో చిన్నవైన ఆ కార్డులే నత్తనడక నడుస్తాయి. 2022 మే నెలలో ఎన్విడియా తన కెర్నెల్ డ్రైవర్ కోడ్‌ను బయటపెట్టింది గానీ, అది 2018 నాటి ట్యూరింగ్ తరం, ఆ తర్వాత వచ్చిన కార్డులకే.

అందువల్ల పాత కంప్యూటర్‌కు సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవాళ్లు మెమరీ ఎంత, కోర్లెన్ని అని అడిగేముందు తరం పేరు అడగడం మంచిది. ఎస్ఎంపీఎస్ చిన్నదై, స్లాటు కరెంటుతోనే నెట్టుకురావాలనుకునేవాళ్లకు ఇప్పుడు 2019 నాటి జీటీఎక్స్ 1650 మేలు. అది ట్యూరింగ్ తరం, వాడకం 75 వాట్లు. కొన్ని కంపెనీల మోడళ్లకు ఆరు పిన్నుల సాకెట్ ఉంటుంది, అవి కాకుండా చూసుకోవాలి. ఏ తరానికి డ్రైవర్లు ఇంకా వస్తున్నాయో, ఏవి ఆగిపోయాయో ఎన్విడియా వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. కొట్టువాడు ధర చెప్పేలోపు ఫోన్‌లో ఆ పేజీ ఒకసారి తెరిచి చూసుకుంటే చాలు.