అమంతాని దీవిలో అతిథిగా...

విదేశాలు చూడడమే కాదు, అక్కడివారికి కాస్త సాయపడాలనీ ఉందా? పెరూ దేశంలో, 3,800 మీటర్ల ఎత్తున ఉన్న టిటికాకా సరస్సులో అమంతాని అనే దీవి ఉంది. అక్కడి క్వెచువా కుటుంబాలు వంతులవారీగా అతిథుల్ని తమ ఇళ్ళలోనే ఉంచుకుంటాయి. కినోవా సూపు, ఉడికించిన బంగాళాదుంపలు, పుదీనా వాసనొచ్చే మూన్యా ఆకు టీ ఇస్తారు. చలి ఎక్కువ, స్వెట్టరు మరవకండి.

వెళ్ళేటప్పుడు బియ్యం, నూనె, పంచదార తీసుకెళ్ళండి. దీవిలో పండనివి కదా, ఇంటావిడ సంతోషిస్తుంది. పిల్లలకు మాత్రం చాక్లెట్లు, చిల్లర పంచకండి. చెయ్యి చాపడం అలవాటవుతుంది. ఆవిడతో కూర్చుని దుంపలు తరగండి, గిన్నెలు కడగండి. ఏజెంటు ద్వారా వెళ్తే, మీరిచ్చే డబ్బులో ఆవిడకెంత ముడుతుందో ముందే అడగండి. వండిపెట్టిన చేతికి డబ్బు చేరకపోతే మనం చేసేది సేవెలా అవుతుందండీ?