ఎనిమిది గంటల డ్యూటీ, పన్నెండు గంటల రోజు

డ్రైవర్, కండక్టర్‌ది ఎనిమిది గంటల డ్యూటీయే కదా, ఇంటికి అంత ఆలస్యమెందుకు? ఆ తిరకాసు 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే ఉండేది. దాని ప్రకారం పని రోజుకు 8 గంటలు, వారానికి 48. కానీ విరామాలతో కలిపి 12 గంటల దాకా సాగే వీలుండేది. దీన్నే 'స్ప్రెడ్ ఓవర్' అంటారు. చివరి స్టాపులో పావుగంటలోపు ఊరికే ఆగితే అది పనిగానే లెక్కయ్యేది. అంతకుమించితే లెక్కలోకి వచ్చేది కాదు! విజయవాడ నుంచి అవనిగడ్డ వెళ్లినాయన అక్కడ గంట ఖాళీ దొరికితే ఇంటికొచ్చి అన్నం తినిపోగలడా?

నైట్ హాల్ట్ సంగతి మరీనూ. రాత్రి చివరి బస్సు పల్లెలోనే ఆగి, తెల్లారి మొదటి బస్సయ్యేది. ఊరికి మేలే. సిబ్బందికి మాత్రం చాలాచోట్ల సీట్లే మంచం. రంజాన్‌లో ఆ డ్యూటీ పడితే ఇఫ్తార్, సహరీ రెండూ టిఫిన్ డబ్బాలోంచే. అందుకే ఇంట్లో అమ్మీ క్యాలెండర్‌తో పాటు డిపో చార్టు కూడా అడిగేది.