బండ పలికింది, చెవి పట్టలేదు

శంకర్‌పల్లి దాటిన రైలు వికారాబాద్ జంక్షన్‌లో ఆగింది. ఎదురు సీట్లో వాళ్లమ్మ పక్కన కూర్చున్న పిల్ల, రెండో తరగతి చదువుతుందేమో, కిటికీలోంచి పసుపు బోర్డు మీది పేరు కూడబలుక్కుని చదివింది. "అమ్మా, ఈ ఊర్లో అందరికీ వికారంగా ఉంటదా?" అనడిగింది. చుట్టుపక్కల అందరం నవ్వేశాం. పక్క సీట్లోని ముసలాయన నవ్వుతూనే దిద్దాడు: "గా వికారం కాదు బిడ్డా. ఉర్దూల వికార్ అంటే ఇజ్జత్, మర్యాద."

ఆయన చెప్పింది నిజం. 'పైగా' అనే నవాబుల వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా మీదుగా ఊరికి ఆ పేరు వచ్చింది. ఆరో నిజాం దగ్గర ప్రధానిగా చేసినవాడు, ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించినవాడు. ఆ ఉర్దూ మాటలో ఉన్న 'క' నిజానికి గొంతు లోపలి నుంచి పలికే వేరే హల్లు. తెలుగులో అది లేదు కనుక మన చెవి దాన్ని మామూలు 'క'లో కలిపేసుకుంటుంది. కలిపేసుకున్నాక ఆ శబ్దానికి దగ్గరగా మనసులో సిద్ధంగా ఉన్న మాట 'వికారం'. పిల్ల తప్పేం చదవలేదు. తనకు తెలిసిన మాటల్లోంచి వింది, ముసలాయన తనకు తెలిసిన మాటల్లోంచి విన్నాడు.

కన్ను, చెవి ముందు పట్టుకుంటాయి, మనసు తర్వాత తీరిగ్గా అర్థం చేసుకుంటుంది అని మనం మామూలుగా అనుకుంటాం. ఈ వరసే తప్పంటుంది కాగ్నిటివ్ సైకాలజీ. అర్థం చివర్లో వచ్చి చేరేది కాదట. చూస్తున్నప్పుడే, వింటున్నప్పుడే అది పనిలో ఉంటుంది. పాత అనుభవాలన్నీ కలిసి మనసులో ఒక అల్లిక కట్టి ఉంటాయి, కొత్తగా వచ్చే ప్రతిదీ దాని గుండానే లోపలికి వస్తుంది. శాస్త్రం దానికి పెట్టిన పేరు స్కీమా. నేను చట్రం అంటాను.

మనకిది బొత్తిగా కొత్త ఆలోచన కాదు. మసకచీకట్లో తాడును చూసి పామనుకునే మనిషిని అద్వైతులు వెయ్యేళ్లకు పైగా ఉదాహరణగా చెబుతూ వచ్చారు. అదే సంగతిని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ 1860లలో శరీరశాస్త్రం వైపు నుంచి పట్టుకున్నాడు: కంటికి అందే సమాచారం ఎప్పుడూ అరకొరే, మిగతాది మనకు తెలియకుండానే మెదడు ఊహించి పూరిస్తుంది. ఒకటి మాత్రం గమనించాలి. పామన్నదే ఎరగనివాడికి తాడు పాములా కనిపించదు. పొరబడటానికైనా మనసులో ముందొక పాము ఉండాలి.

కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ దీన్ని కథలతో పరీక్షించాడు. ఉత్తర అమెరికా ఆదివాసులు చెప్పుకునే ఒక దయ్యాల యుద్ధం కథను ఇంగ్లండు విద్యార్థుల చేత చదివించి, కొన్నాళ్లు ఆగి తిరిగి చెప్పమన్నాడు. సీల్ జంతువుల వేటకు వెళ్లినవాళ్లు చేపలు పట్టడానికి వెళ్లినవాళ్లయ్యారు. ఆదివాసుల దోనెలు మామూలు పడవలయ్యాయి. తమకు అంతుపట్టని దయ్యాల ఘట్టాలు జారిపోయాయి. ఎవరూ అబద్ధం చెప్పలేదు. గుర్తున్నది గుర్తున్నట్టే చెప్పామని నమ్మారు. ఆ ప్రయోగాలతో 1932లో ఆయన పుస్తకం వచ్చింది. అప్పటికి అమెరికాలో మనసు ఊసెత్తడమే అశాస్త్రీయం, కనిపించే ప్రవర్తనను కొలిస్తే చాలు అనే వాదం ఏలుతోంది. 1950లలో కంప్యూటర్లు వచ్చి సమాచారం గురించి ఆలోచించడం నేర్పాక గాలి తిరిగింది. 1967లో ఉల్రిక్ నైసర్ రాసిన పుస్తకంతో కాగ్నిటివ్ సైకాలజీ అన్న పేరు స్థిరపడింది.

ఇదంతా పుస్తకాల్లో చదివినదే. నాకది ఒంటికి తగిలింది తాండూరులో.

తెలంగాణ ఇళ్లలో నేల మీద పరిచే నీలిబూడిద రంగు నాపరాయికి తాండూరు పెట్టింది పేరు. సరిహద్దు అవతల కర్ణాటకలో ఉన్న షాబాద్ పేరుతో దాన్ని షాబాదు బండ అంటాం. కోట్ల ఏళ్ల కిందట నీటి అడుగున పొర మీద పొరగా పేరుకుని గట్టిపడిన సున్నపురాయి అది. పొరలుగా ఉంది కనుకే ఉలి పెట్టి కొడితే పలకలుగా లేస్తుంది.

గని పక్కన రేకుల షెడ్డు నీడలో ఒక పెద్దాయన, నిలబెట్టిన పలకలను చిన్న సుత్తెతో తడుతూ పోతున్నాడు. తట్టడం, తల కాస్త వంచడం, పలకను కుడికో ఎడమకో నెట్టడం. ఒక్కోదానికి రెండు సెకన్లు కూడా పట్టడం లేదు. కుడివైపువి మంచివి, ఎడమవైపువి లోపల పగులున్నవి. పైన చూస్తే గీత కూడా లేదు. "ఎట్ల తెలుస్తది పెద్దయ్యా?" అనడిగితే రెండు పలకలు నా ముందు నిలబెట్టి తట్టాడు. "ఇనున్రి సారూ. గిది పలుకుతది. గిది పలుకది." నాకు రెండూ ఒకేలా వినిపించాయి. మళ్లీ తట్టమన్నాను. మళ్లీ అంతే.

లోపల పగులున్న రాతిలో కంపనం ఆ పగులు దగ్గర తెగి తొందరగా చచ్చిపోతుంది. గట్టి రాతిలో కంచు పళ్లెంలో సాగినట్టు సాగుతుంది. ఆ తేడా గాలిలో ఉంది, నా కర్ణభేరి దాకా వచ్చింది కూడా. అది పట్టుకునే చట్రం నాకు లేదు, ఆయనకు ఉంది. అంతే తేడా.

దీన్ని చదరంగంలో లెక్కగట్టినవాళ్లున్నారు. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అసలైన ఆటలోని బల్లను ఐదు సెకన్లు చూపించి, పావులను గుర్తున్నట్టు పేర్చమన్నారు. గొప్ప ఆటగాడు సుమారు మూడింట రెండొంతులు సరిగ్గా పేర్చాడు, కొత్తవాడు నాలుగైదు దగ్గరే ఆగిపోయాడు. అవే పావులను ఎలా పడితే అలా చల్లి చూపిస్తే గొప్ప ఆటగాడు కూడా కొత్తవాడి స్థాయికి పడిపోయాడు. ఆయనది పెద్ద జ్ఞాపకశక్తేమీ కాదన్నమాట. ఆయన కంటికి పావులు విడివిడిగా కనిపించవు, ఎత్తులుగా గుంపులుగా కనిపిస్తాయి. తాండూరు పెద్దాయన చెవి కూడా అలాంటిదే.

చట్రాలు ఎంత తొందరగా బిగుసుకుంటాయో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. 'తాండూరు' అన్న పేరునే తీసుకోండి. ఇంగ్లిషువాళ్లకు 'త', 'ట' తేడా వినడమే కష్టం. మరి వాళ్లు పుట్టుకతోనే అంతా? కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధన కాదంటుంది. ఇంగ్లిషు ఇళ్లలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్లు హిందీలోని 'త', 'ట' తేడాను చక్కగా పట్టుకున్నారు. ఏడాది నిండే వేళకు ఆ చెవి చాలావరకు మూతపడింది. మాతృభాష కుదురుకుంటూ అక్కర్లేని తేడాలను పక్కకు తోసేస్తుంది. తాండూరులో ఒకే వీధిలో తెలుగు, ఉర్దూ, కన్నడం వింటూ పెరిగే పిల్లల చెవులను తలుచుకుంటే నాకు కొంచెం అసూయే.

చట్రం చూపిస్తుంది, అదే దాచేస్తుంది కూడా. 1949లో బ్రూనర్, పోస్ట్‌మన్ పేకముక్కలను రెప్పపాటు కాలం చూపించారు. వాటి మధ్య ఎర్ర ఇస్పేటు, నల్ల ఆఠీను లాంటి దొంగ ముక్కలు కలిపారు. మామూలు ముక్కను గుర్తించడానికి పట్టే కాలానికి సుమారు నాలుగింతలు పడితేగాని జనం వాటిని సరిగ్గా గుర్తించలేకపోయారు. అంతవరకు చాలామంది ఎర్ర ఇస్పేటును నల్లదనో, లేదా ఆఠీననో ధీమాగా చెప్పారు. ఇస్పేటంటే నల్లగానే ఉండాలి కదా.

పేకముక్కలతో పోయేదేం లేదు, ప్రాణాల దగ్గర అలా కాదు. వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల మీద, మంచి గాలికి జబ్బు నయమవుతుందన్న నమ్మకంతో నిజాం కాలంలో క్షయ ఆసుపత్రి వెలసింది. అలాంటి చోట ఊపిరితిత్తుల ఫిల్ము చదివే డాక్టరు కన్ను కూడా పెద్దాయన చెవిలాంటిదే. మనకు పొగమంచులా ఉన్నచోట వాళ్లకు మచ్చ కనిపిస్తుంది. 2013లో అమెరికాలో ఒక పరిశోధన బృందం 24 మంది రేడియాలజిస్టులకు ఊపిరితిత్తుల స్కానులు ఇచ్చి గడ్డలు వెతకమంది. ఒక స్కానులో గొరిల్లా బొమ్మ పెట్టారు, సగటు గడ్డకు 48 రెట్లు పెద్దది. 20 మంది దాన్ని చూడలేదు. వాళ్ల చూపు ఎటు పోయిందో నమోదు చేసే పరికరం చెప్పిందేమంటే, వాళ్లలో ఎక్కువమంది కళ్లు సరిగ్గా గొరిల్లా మీదే ఆగాయి. డాక్టర్లను తప్పుపట్టే పని లేదు. గడ్డను వెతికే చట్రం అంత బిగువుగా ఉంది కనుకే వాళ్లు గడ్డలు పట్టగలుగుతున్నారు.

ఇక చెప్పడానికి కష్టమనిపించే ఉదంతం ఒకటి. 2018 వేసవిలో పిల్లలనెత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వీడియోలు తెలంగాణ పల్లెల్ని, సరిహద్దు పల్లెల్ని వణికించాయి. జూలై 13న హైదరాబాద్ నుంచి కొందరు మిత్రులు కారులో బీదర్ జిల్లాకు వెళ్లారు. దారిలో బడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. కొత్త మొహాలు, కారు, చాక్లెట్లు: వీడియోలు నూరిపోసిన చట్రంలో ప్రతి ముక్కా అతికినట్టు సరిపోయింది. ముర్కి అనే ఊరి దగ్గర గుంపు కారును అడ్డగించింది. వాళ్లలో ఒకరు, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, దెబ్బలకు చనిపోయాడు. మరికొందరు గాయపడ్డారు. చాక్లెట్టు ఇవ్వడం మనకు ప్రేమకు గుర్తు. ఆ వారాల్లో, ఆ ఊళ్లలో అది నేరానికి సాక్ష్యమైపోయింది. ఆ గుంపు చేసిన పనిని ఈ వివరణ ఏ మాత్రం మాఫీ చేయదు. కానీ పుకార్లు మనుషుల చెవిలో మాట పోసి ఊరుకోవని, కంటిని కూడా మార్చేస్తాయని తెలియకపోతే వాటితో పోరాడలేం.

చట్రంతో వచ్చిన చిక్కు, అది తనకు తాను కనిపించదు. పక్కన ఇంకొకటి వచ్చి నిలబడాలి. అనంతగిరి గుట్టల్లో మూసీ నది పుట్టేచోట ఆ చిన్న నీటిధారను చూసి హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు "ఇది మూసీయా!" అని బిత్తరపోతారు. పేరు వినగానే ముక్కు మూసుకోవడం అలవాటైన మనకు, దోసిట పట్టుకునేలా ఉన్న ఆ నీరు ఏదో వేరే ఏరనిపిస్తుంది. అవే నీళ్లు 240 కిలోమీటర్లు నడిచి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. రెండు మూసీలను పక్కపక్కన పెట్టి చూసినవాడికే నగరం దానికేం చేసిందో తెలిసొస్తుంది.

ఆరన్ బెక్ అనే అమెరికన్ వైద్యుడు 1960లలో మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీ కూడా చేసేది ఇదే. కుంగిపోయిన మనిషి 'నేను దేనికీ పనికిరాను' అనే చట్రంలోంచి చూస్తుంటాడు. ఫెయిలైన ఒక్క పేపరే కనిపిస్తుంది, పాసైన ఐదూ కనిపించవు. అధైర్యపడకు అని చెబితే లాభం లేదు. ఆ ఐదింటినీ బల్ల మీద పెట్టి, వీటి సంగతేమిటి అని అతని చేతనే లెక్క చెప్పించాలి. ఒకసారి చెప్పించి ఊరుకుంటే సరిపోదు, వారాల తరబడి చేయాలి.

తాండూరు పెద్దాయన కూడా నా చేత అలాగే చెప్పించాడు. "గిప్పుడు మీరే కొట్టున్రి" అని సుత్తె నా చేతికిచ్చి బీడీ ముట్టించాడు. తట్టిన ప్రతిసారీ కుడికా, ఎడమకా అనడుగుతాడు. నేను చెబుతాను. తప్పయితే తల అడ్డంగా ఊపుతాడు. ఇరవై పలకలో, ముప్పై పలకలో అయ్యాక, ఒకచోట మోత మధ్యలోనే తెగినట్టు వినిపించింది. "ఎడమ," అన్నాను. ఆయన బీడీ నోట్లోంచి తీయకుండానే చేత్తో ఎడమకు చూపించాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి వంటింట్లోకి మంచినీళ్లకు వెళ్తుంటే, గడప పక్కన బండ నా మడమ కింద బోలుగా మోగింది. పదిహేనేళ్లుగా దాని మీద నడుస్తున్నాను.