ట్రాక్టరు పొడిగింపు వారంటీ: ఊహించని మరమ్మతు బిల్లు వచ్చినప్పుడు రైతు చేయవలసినది

వికారాబాద్ జిల్లాలోని తాండూరు నల్లరేగడి నేలలు కంది సాగుకు ప్రసిద్ధి చెందినవి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇక్కడి సాగు ప్రధానంగా వర్షాధారం కనుక తొలకరి పదును ఆరకముందే విత్తడం అవసరం. ఆ కొద్ది రోజులలో ట్రాక్టరు డీలరు షెడ్డులో నిలిచిపోయినచో, ఎంత బిల్లు వేసినా కట్టి విడిపించుకోవడం తప్ప రైతుకు వేరు దారి కనిపించదు. పొడిగింపు వారంటీ ఉన్నప్పటికీ ఇట్టి బిల్లు వచ్చినప్పుడు రైతుకు ఏ సలహా ఇవ్వాలో విస్తరణ శాస్త్రవేత్తలు తెలిసి ఉండటం ఆవశ్యకం.

వారంటీ పరిధి

పొడిగింపు వారంటీ సాధారణంగా నిర్ణీత సంవత్సరాలకు లేదా నిర్ణీత పని గంటలకు, ఏది ముందు ముగిస్తే అంతవరకు వర్తిస్తుంది. ఇంజను, గేరుబాక్సు, హైడ్రాలిక్ వంటి ప్రధాన భాగాలు దీని పరిధిలోకి వస్తాయి. క్లచ్ ప్లేటు, బ్రేకు లైనింగు, ఫిల్టర్లు, బెల్టులు, నూనెలు సాధారణంగా మినహాయింపు జాబితాలో ఉంటాయి. వివాదాలు ఎక్కువగా ఈ సరిహద్దు వద్దనే తలెత్తుతాయి.

ఉదాహరణకు, క్లచ్ జారుతున్నదని ట్రాక్టరును షెడ్డుకు తెచ్చారనుకొందాం. ప్లేటు వాడకం వల్లనే అరిగినట్లయితే ఖర్చు రైతుదే. అట్లుగాక, ఆయిల్ సీలు కారి ఆ నూనె ప్లేటుపై చేరడం వల్ల క్లచ్ జారుతున్నట్లయితే మూలకారణం సీలు. ఆ సీలు వారంటీలో చేరి ఉంటే, ప్లేటు చెడిపోవడం దాని పర్యవసానమని రైతు వాదించవచ్చు. కాబట్టి ఏ భాగం మార్చారన్న దానికంటె, అది ఎందువల్ల చెడిందన్నదే కీలకం.

సాక్ష్యాధారాల సేకరణ

ట్రాక్టరును అప్పగించేటప్పుడే జాబ్ కార్డులో లోపాన్ని, గంటల మీటరు రీడింగును, అంచనా వ్యయాన్ని వ్రాయించాలి. తన అనుమతి లేనిదే అదనపు పని చేయరాదని అందులోనే నమోదు చేయించాలి. వారంటీ నిరాకరించినచో ఏ నిబంధన ప్రకారం నిరాకరించారో లిఖితపూర్వకంగా కోరాలి. సర్వీసులు సకాలంలో చేయించిన రశీదులు భద్రపరచుకోవాలి. సర్వీసు తప్పినదన్న కారణంతో వారంటీని నిరాకరించే అవకాశం ఉన్నది. మార్చిన పాత భాగాన్ని తిరిగి అడగాలి. ఇవ్వనిచో దాని ఫోటోలనైనా తీసుకోవాలి. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

బిల్లు కట్టే వరకు ట్రాక్టరును ఇవ్వబోమనడానికి డీలరుకు కొంత చట్టబద్ధమైన ఆధారం ఉన్నది. అప్పగించిన పనిని పూర్తి చేసినవానికి తగిన ప్రతిఫలం అందే వరకు వస్తువును తన వద్ద ఉంచుకొనే హక్కును భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 170వ సెక్షన్ కల్పిస్తున్నది. అందువల్ల విత్తే అదను దాటిపోయేటట్లుంటే, ‘ఆక్షేపణతో చెల్లించడమైనది’ అని బిల్లుపై వ్రాసి, సొమ్ము కట్టి ట్రాక్టరును తెచ్చుకోవడం మేలు. అట్లు వ్రాసినచో బిల్లును అంగీకరించి కట్టాడన్న వాదన బలహీనపడుతుంది.

రైతు వినియోగదారుడేనా?

ట్రాక్టరు వాణిజ్య ప్రయోజనానికి కొన్నదని, కనుక రైతు వినియోగదారుడు కాడని ఎదుటిపక్షం వాదించవచ్చు. స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధికి మాత్రమే వాడుకొనే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందకు రాదని చట్టమే వివరిస్తున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులకు సంబంధించిన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వర్సెస్ మధుసూదన్ రెడ్డి కేసులో 2012లో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతులు వినియోగదారులేనని తీర్పు చెప్పింది. విత్తనమంతా చల్లిన రైతు పరీక్ష కొరకు నమూనా దాచి ఉంచాలని ఆశించరాదని కూడా పేర్కొన్నది. అయితే విత్తనం వలె ట్రాక్టరు భాగం నేలలో కలిసిపోదు. కావున పాత భాగాన్ని భద్రపరచడంలో రైతు అశ్రద్ధ చేయరాదు. పలు ట్రాక్టర్లను జీతగాండ్రతో కిరాయికి నడిపించేవారికి మాత్రం ఈ రక్షణ సందేహాస్పదమే.

ఫిర్యాదు విధానం

మొదట డీలరుకు, తయారీ సంస్థకు లిఖితపూర్వక ఫిర్యాదు పంపాలి. పొడిగింపు వారంటీని వేరొక సంస్థ జారీ చేసి ఉంటే దానిని కూడా చేర్చాలి. తరువాత జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని 1915 నంబరులో సంప్రదించవచ్చు. అప్పటికీ పరిష్కారం కానిచో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. డీలరు వేరే జిల్లాలో ఉన్నప్పటికీ, ఫిర్యాదుదారుని నివాసంపై పరిధి గల కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల వరకైతే రుసుము లేదు. 5 నుండి 10 లక్షల వరకైతే 200 రూపాయలు. వివాద కారణం ఏర్పడిన 2 సంవత్సరాలలోపు ఫిర్యాదు చేయాలి. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

లోపాన్ని స్వయంగా పరిశీలించకుండా అభిప్రాయం వ్రాసి ఇవ్వడం రైతుకు మేలు చేయదు. లోపం పరీక్ష లేనిదే తేలనప్పుడు కమిషన్ తగిన ప్రయోగశాలకు పంపగలదు. వేసవి శిక్షణలలోనే వారంటీ పుస్తకంలోని మినహాయింపులను రైతులతో చదివించి, జాబ్ కార్డు నింపడం నేర్పినచో, తొలకరి వేళ షెడ్డులో జరిగే వివాదాలలో అనేకం తలెత్తకుండానే నివారించవచ్చు.