ఎండింగ్ చెప్పేసే సమీక్షలు

మన క్లబ్‌లో ఎవరినైనా పుస్తక సమీక్ష రాయమంటే ముందు వచ్చే డౌట్ ఒకటే: "ఎండింగ్ చెప్పేయొచ్చా?" స్పాయిలర్ అంటే మనకి అంత భయం. కానీ కథ మొత్తం చెప్పేసి కూడా ఏళ్ళ తరబడి పాఠకుల్ని ఎదురుచూసేలా చేసిన శీర్షిక తెలుగులో ఒకటుంది. అది స్వాతి మాసపత్రికలో మాలతీ చందూర్ గారు రాసిన 'పాత కెరటాలు'.

ముందు ఆవిడ గురించి కొంచెం. నూజివీడులో పుట్టారు, జీవితంలో ఎక్కువ భాగం మద్రాసులో గడిపారు, 2013లో కన్నుమూశారు. 'హృదయనేత్రి' నవలకి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికలో దశాబ్దాల పాటు పాఠకుల ప్రశ్నలకి జవాబులిచ్చారు. వంటల పుస్తకం రాస్తే అది మళ్ళీ మళ్ళీ ముద్రణకి వెళ్ళింది. తమిళం నుంచి అనువాదాలూ చేశారు. ఒక మనిషి ఇన్ని రకాలు రాయాలంటే అంతకు ఎన్నో రెట్లు చదివి ఉండాలి కదా! ఆ చదువంతా నేరుగా కనిపించేది 'పాత కెరటాలు'లోనే. వందల ఇంగ్లీష్ నవలల్ని ఆవిడ ఇలా తెలుగు పాఠకులకి పరిచయం చేశారు. అవి తర్వాత 'నవలా మంజరి' పేరుతో సంపుటాలుగా కూడా వచ్చాయి.

ఆ పని ఎంత కష్టమో మన సీఎస్‌ఈ భాషలో చెప్తాను. ఫైల్ సైజు తగ్గించడానికి రెండు పద్ధతులున్నాయి. జిప్ చేస్తే ఏదీ పోదు, విప్పగానే అంతా తిరిగొస్తుంది. జేపెగ్ అలా కాదు. కన్ను పెద్దగా పట్టించుకోని వివరాల్ని శాశ్వతంగా తీసేస్తుంది, అయినా ఫొటో ఫొటోలాగే ఉంటుంది. నవలా పరిచయం ఈ రెండో రకం. అయిదొందల పేజీల్ని అయిదారు పేజీల్లో పెట్టాలంటే చాలా పోవాల్సిందే. వాతావరణం పోయినా, విందు భోజనాల వర్ణన పోయినా కథ నడుస్తుంది. కానీ ఒక మనిషి ఆ నిర్ణయం ఎందుకు తీసుకుందో పోయిందంటే మిగిలేది సంఘటనల లిస్టే. ఏది వదిలేయాలో తెలియాలంటే పుస్తకం మొత్తం చదవాలి, షార్ట్‌కట్ లేదు.

మా నాయనమ్మకి ఇంగ్లీష్ రాదు. అయినా చాలా ఇంగ్లీష్ నవలల కథలు తెలుసు. స్వాతిలోంచి చింపి, దారంతో కుట్టి దాచుకున్న పేజీల కట్ట అల్మాస్‌గూడలో మా ఇంటి సజ్జ మీద ఇప్పటికీ ఉంది. ఇప్పుడు ఆమెకి చూపు ఆనట్లేదు. అందుకని "ఏం చదువుతున్నవ్ బిడ్డా, నాకు గూడ చెప్పు" అంటుంది. ఈమధ్య 'ఫ్రాంకెన్‌స్టైన్' చెప్పాను. మేరీ షెల్లీ మనకంటే చిన్న వయసులో, పద్దెనిమిదేళ్ళకే మొదలుపెట్టిన నవల, 1818లో అచ్చయింది. నేను ప్రయోగం గురించి చెప్తుంటే నాయనమ్మ మధ్యలో ఆపి, "మరి దానికి పేరేం పెట్టిండు?" అంది. పెట్టలేదన్నాను. "పుట్టించినోడే పేరు పెట్టకపాయె, ఇంక అది మంచిగెట్లుంటది?" అంది. ఆ నవలకి అసలు కీలకం అదే. ఎవరికో ఒకరికి చెప్తే తప్ప, చదివిన పుస్తకంలో ముఖ్యమైంది ఏదో మనకీ తేలదు.

అయితే అన్ని పుస్తకాలనీ ఒకే కొలతతో చెప్పలేం. నవలకి మనుషుల నిర్ణయాలు పట్టుకోవాలి. నండూరి రామమోహనరావు గారి 'విశ్వరూపం' లాంటి సైన్స్ పుస్తకానికి అది పనికిరాదు. అందులోంచి ఒక్క విషయం తీసుకుని, అది పూర్తిగా అర్థమయ్యేలా మన మాటల్లో చెప్పాలి. వంటల పుస్తకమైతే కనీసం ఒక్క వంటైనా చేసి చూసి రాయాలి. కవిత్వాన్ని మాత్రం కుదించలేం. ఒక్క కవిత మనల్ని ఎక్కడ ఆపిందో చెప్పి, పుస్తకం చేతికివ్వడమే.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, గోడ పక్క మారింది. అప్పటి పాఠకులకి అడ్డం ఇంగ్లీష్. ఇంగ్లీష్ మీడియంలో చదివిన మనకి అడ్డం తెలుగు. ఒక తెలుగు పేజీ చదివే టైమ్‌లో నేను రెండు ఇంగ్లీష్ పేజీలు చదవగలను. నా ఫ్రెండ్స్‌లో కొందరు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ తెలుగు నవల ఒక్కటీ తెరవలేదు. మాలతీ చందూర్ గారు అటునుంచి ఇటు చేసిన పని, ఇప్పుడు మనకి మన భాషలోనే కావాలి.

కాబట్టి క్లబ్‌కి నా ప్రతిపాదన: ప్రతి సంచికలో ఒక తెలుగు నవల, రెండు పేజీల్లో, ఎండింగ్‌తో సహా. పుస్తకాలకి డబ్బులు పెట్టక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి చిక్కడపల్లిలో దిగితే సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తక్కువకే దొరుకుతాయి. వచ్చే సంచికకి 'చంపకం - చెదపురుగులు' నేను తీసుకుంటున్నాను. అదీ మాలతీ చందూర్ గారి నవలే. దాని తర్వాతి నవల ఎవరిదో మీటింగ్‌లో చెప్పండి.